తాటిచెట్టు మీది మర్రి నుంచి అమెజాన్ దాకా: వర్షారణ్యం పాఠం ఇలా చెప్పి చూడండి

వర్షారణ్యాల పాఠం మొదటిసారి చెప్పినప్పుడు నేను బోర్డు మీద అడ్డంగా నాలుగు గీతలు గీశాను. నాలుగు పొరలు, పక్కన నాలుగు పేర్లు. పిల్లలు స్కెచ్ పెన్నులతో చక్కగా దించుకున్నారు. యూనిట్ టెస్టులో దాదాపు అందరికీ నాలుగుకు నాలుగు మార్కులు. నెల తర్వాత వేరే పాఠం మధ్యలో, "అంత దట్టమైన అడవిలో నేల మీద గడ్డి ఎందుకు అంతగా ఉండదు?" అని అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. నాలుగు పొరలూ వాళ్లకు నాలుగు రంగులుగానే మిగిలాయి.

తప్పు పిల్లలది కాదు. జాగ్వార్, అనకొండ, రంగురంగుల చిలుకలు అంటూ దూరపు వింతల జాబితా చదివితే ఏ పిల్లలైనా సర్కస్ చూసినట్టే చూస్తారు. అడవిలో ఎవరికి ఎవరు ఆధారం అన్నది తెలియాలంటే ముందు చేతికి అందే చెట్టు దగ్గర మొదలుపెట్టాలి. పేర్లు తర్వాత చెప్పినా ఏం కాదు. ఈ పద్ధతిలో ఏడు నుంచి తొమ్మిదో తరగతి వరకు చెప్పొచ్చు. ఏడెనిమిది పీరియడ్లు పడుతుంది, వరసగా కాకుండా మూడు వారాల్లో సర్దుకుంటే సిలబస్ వెనకబడదు. జులై, ఆగస్టు నెలలు బాగుంటాయి. మార్చి ఎండల్లో పెట్టుకోకండి, సగం ప్రయోగాలు మాడిపోతాయి.

1. మసాలా డబ్బాతో మొదలుపెట్టండి

ముందు రోజే చెప్పండి: ఇంటి నుంచి నాలుగు మిరియాలు, రెండు యాలకులు, ఒక లవంగం, చిన్న దాల్చిన చెక్క ముక్క తెమ్మని. జాజికాయ ఎవరో ఒకరింట్లో దొరుకుతుంది. మీరు ఒక చాక్లెట్, ఒక రబ్బరు బ్యాండు, ఖాళీ పామాయిల్ ప్యాకెట్ తీసుకెళ్లండి. పెద్ద ప్రపంచ పటం నేల మీద పరిచి, వీటి పుట్టిళ్లు ఎక్కడో చెబుతూ ఒక్కొక్కటి పిల్లల చేతే పెట్టించండి.

మిరియాలు, యాలకులు మన పడమటి కనుమల తడి అడవులవి. దాల్చిన చెక్క శ్రీలంకది. లవంగం, జాజికాయ ఇండోనేషియాలోని మలుకు దీవులవి. చాక్లెట్‌కు మూలమైన కోకో చెట్టు, రబ్బరు చెట్టు రెండూ అమెజాన్ ప్రాంతానివి. నూనె తీసే పామ్ చెట్టు పడమటి ఆఫ్రికాది. అన్నీ పెట్టాక పిల్లల్ని లేచి నిలబడి చూడమనండి. వస్తువులన్నీ భూమధ్యరేఖకు అటూ ఇటూ ఒక దండలా కనిపిస్తాయి. "ఇవన్నీ ఇక్కడే ఎందుకున్నాయి?" అని వాళ్లే అడుగుతారు. అడగకపోతే మీరు అడగండి. జవాబు మాత్రం ఆ రోజు చెప్పకండి.

మాది ఏలూరు వైపు. కొబ్బరి తోటల్లో అంతర పంటగా కోకో, రోడ్డుకు రెండు పక్కలా పామాయిల్ తోటలు రోజూ చూసేవే. తాము నీళ్లు పెట్టే చెట్టు అమెజాన్ నుంచి వచ్చిందని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. మీ ఊళ్లో కోకో లేకపోయినా పర్వాలేదు, బిర్యానీ లేని ఊరు లేదు కదా.

2. వానను గోడ మీద కొలవండి

వర్షారణ్యం అంటే ఏడాదికి సుమారు 2,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే చోటు అని పుస్తకంలో ఉంటుంది. ఆ అంకె పిల్లల తలకు ఎక్కదు. టేపు, సుద్దముక్క తీసుకుని బయటి గోడ దగ్గరికి వెళ్లండి. ఏడాదిలో పడ్డ వానంతా ఇంకకుండా, ఆవిరవకుండా నిలిస్తే ఎంత లోతు ఉంటుందో గీయించండి. అనంతపురానికి సుమారు 550 మి.మీ., అంటే మోకాలి పైదాకా. అమెజాన్ నడిమధ్య ఉన్న మనాస్ నగరానికి సుమారు 2,300 మి.మీ., అంటే పొడుగాటి మాస్టారు చెయ్యెత్తితే అందేంత. కర్ణాటకలోని ఆగుంబేకు వచ్చేసరికి 7,000 మి.మీ. దాటుతుంది. మా బడి గోడ చాలలేదు. డాబా మీదికి ఒకణ్ణి ఎక్కించి పిట్టగోడ చూపించాల్సి వచ్చింది. (మీరు ఎక్కించకండి. హెడ్‌మాస్టర్ గారి చేత నేను తిన్న చీవాట్లు చాలు. వేలితో పైకి చూపిస్తే సరిపోతుంది.)

ఇక్కడే ఒక మెలిక ఉంది, దాన్ని వదలకండి. "ఆగుంబేలో అమెజాన్ కన్నా మూడింతల వాన పడుతుందిగా, మరి అమెజాన్ ఎందుకంత గొప్ప?" అని ఎవరో ఒకరు అడుగుతారు. అప్పుడు నెలలవారీగా పన్నెండు గీతలు గీయించండి. ఆగుంబే వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కుమ్మేస్తుంది. మనాస్‌లో బాగా పొడిగా ఉండే ఆగస్టులో కూడా 50 మి.మీ. పైగా పడుతుంది. ఎంత వాన అన్నదానితో పాటు ఎన్ని నెలలు పడిందన్నదీ ముఖ్యమే. పడమటి కనుమల్లో కేరళ దక్షిణ కొస నుంచి ఉత్తరానికి పోయేకొద్దీ పొడి నెలలు పెరుగుతాయి, ఆ వరసలోనే చెట్ల రకాలూ తగ్గుతాయి. మొదటి రోజు ప్రశ్నకు జవాబు ఇక్కడ సగం దొరుకుతుంది. మిగతా సగం వేడి. భూమధ్యరేఖ దగ్గర చలికాలం ఉండదు కాబట్టి చెట్టుకు సెలవు లేదు.

3. చెట్ల కిందికి తీసుకెళ్లండి

నేను ఎక్కువ సమయం ఇచ్చేది దీనికే. రెండు పీరియడ్లు కలిపి తీసుకోండి, వీలైతే మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో.

ముందు వెలుతురు కొలవండి. ఫోన్లో కాంతిని కొలిచే ఉచిత యాప్‌లు ఉంటాయి. ఆరుబయట ఎండలో ఒకసారి, గుబురు మామిడి చెట్టు కింద ఒకసారి ఫోన్ పడుకోబెట్టి అంకెలు రాయించండి. మిట్ట మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాకా చూపించొచ్చు. చెట్టు కింద అంకె అందులో ఎన్నో వంతో లెక్క కట్టించండి. ఆ తర్వాత చెప్పండి: వర్షారణ్యంలో పైన పడ్డ వెలుతురు వంద పాళ్లయితే నేలకు చేరేది ఒకటి రెండు పాళ్లే. నేల మీద గడ్డి ఎందుకు ఉండదన్నదానికి ఇక మీరు జవాబు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు తాటిచెట్టు మీద మొలిచిన మర్రినో రావినో వెతకండి. మన ఊళ్లలో ఇది లేని చెరువు గట్టు ఉండదు. పిట్ట పండు తిని తాటి మట్టల సందులో రెట్ట వేస్తుంది. అక్కడ చేరిన కాస్త దుమ్ములో విత్తనం మొలుస్తుంది, వేళ్లు కాండాన్ని చుట్టుకుంటూ కిందికి దిగుతాయి. కొన్నేళ్లకు తాడి ఆ మర్రి కౌగిట్లో బందీ అయిపోతుంది. "మొక్క నేల మీద మొలవకుండా నెత్తి మీద ఎందుకు మొలిచింది?" అని అడగండి. ఇందాక రాసుకున్న వెలుతురు అంకెలు వాళ్ల నోట్సులోనే ఉన్నాయి. వర్షారణ్యాల్లో మర్రి జాతి చెట్లు ఆడే ఆట సరిగ్గా ఇదే. రెండు పాళ్ల వెలుతురులో మొలిచి పైకి ఎగబాకడం కన్నా పైనే పుట్టి వేళ్లు కిందికి దించడం తేలిక.

వెంటనే ఒక గందరగోళం వస్తుంది. మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక కూడా ఇలాంటిదేనా అంటారు. కాదని తేల్చి చెప్పండి. బదనిక తన వేరును కొమ్మలోకి దించి చెట్టు పీల్చుకున్న నీళ్లూ లవణాలూ లాక్కుంటుంది, అది పరాన్నజీవి. వర్షారణ్యం కొమ్మల మీద గుంపులు గుంపులుగా ఉండే ఆర్కిడ్లు, అనాస కుటుంబానికి చెందిన బ్రొమీలియాడ్లు వృక్షోపజీవులు. కొమ్మ మీద కూర్చుంటాయంతే, చెట్టు సొమ్ము తినవు. మా పిల్ల ఒకతె దీన్ని "బదనిక దొంగ, ఆర్కిడ్ బస్సు పైన కూర్చున్న మనిషి" అని రాసింది. నేను పుస్తకంలోని నిర్వచనం బదులు ఇప్పుడు అదే వాడుతున్నాను. బ్రొమీలియాడ్ ఆకుల మధ్య గిన్నెలా నీళ్లు నిలుస్తాయి. అమెజాన్‌లోని కొన్ని విషపు కప్పలు తమ తోకకప్పల్ని వీపున ఎక్కించుకుని, చెట్టెక్కి, ఆ గిన్నెల్లో వదిలి వస్తాయి. నేల మీద కుంట వెతుక్కోకుండా చెట్టు మీదే కుంట.

ఇంకో రెండు చిన్న పనులు. రావి ఆకు, బాదం ఆకు పక్కపక్కన పట్టుకుని చెంచాడు నీళ్లు పోయించండి. రావి ఆకు తోక చివర నుంచి నీరు జారిపోతుంది. రోజూ వాన పడే చోట ఆకు మీద తడి నిలిస్తే పాచి పడుతుంది, అందుకే అక్కడి ఎన్నో చెట్ల ఆకులకు ఇలాంటి మొన ఉంటుంది. తర్వాత పనస చెట్టు. కాయలు కొమ్మ చివర కాకుండా మానుకే కాస్తాయి. కోకో కూడా అంతే, పూలు కాండం మీదే. పనస పుట్టిల్లు పడమటి కనుమలే.

పొరల బొమ్మ ఇప్పుడు గీయండి, ముందు కాదు. అన్నిటికన్నా పైకి తల ఎత్తే చెట్లకు ఉదాహరణగా తెల్లబూరుగ చెప్పండి. దిండ్లలో కూరే దూది చెట్టే. అమెజాన్‌లో అది 60 మీటర్ల దాకా పెరుగుతుంది, రాత్రి విచ్చే దాని పూలకు గబ్బిలాలు పరాగ సంపర్కం చేస్తాయి. దాని కింద పందిరిలా అల్లుకున్న పొర, ఎక్కువ జీవులు ఉండేది అక్కడే. దాని నీడలో బతికే పొరకు కోకో. కొబ్బరి తోటలో కోకో ఎందుకు వేస్తారో రైతుల పిల్లలకు మీరు వేరే చెప్పక్కర్లేదు, దానికి నీడ అలవాటని వాళ్లే మీకు చెబుతారు. ఆ కింద నేల.

4. నీళ్ల లెక్క: ఒక కవరు, ఒక సీసా

పొద్దున పది గంటలకు, ఎండ తగిలే కానుగ కొమ్మకు చిల్లుల్లేని పారదర్శకమైన పాలిథిన్ కవరు తొడిగి, మూతిని దారంతో గట్టిగా కట్టండి. లోపల ఎన్ని ఆకులున్నాయో లెక్కపెట్టి రాయించండి, యాభై దగ్గర్లో ఉంటే లెక్క సులువు. మధ్యాహ్నం మూడింటికి కవరు అడుగున నీళ్లు చేరి ఉంటాయి. సూది తీసేసిన సిరంజితో కొలవండి. మాకొకసారి యాభై ఆకులకు ఏడు మిల్లీలీటర్లు వచ్చాయి. చెట్టుకు ఇరవై వేల ఆకులు ఉంటాయనుకుంటే రెండు లీటర్ల ఎనిమిది వందలు. అదీ కవరులో తేమ నిండిపోయాక ఆకు నీరు వదలడం తగ్గిపోతుంది కాబట్టి, అసలు లెక్క ఇంకా ఎక్కువే. అప్పుడు చెప్పండి, అమెజాన్‌లో పెద్ద చెట్టు ఒకటి రోజుకు వెయ్యి లీటర్ల దాకా ఇలా గాలిలోకి వదలగలదని. అలాంటి చెట్లు కోట్లలో ఉంటే పైన ఆకాశంలో ఒక నది పారుతున్నట్టే.

1970లలో బ్రెజిల్ శాస్త్రవేత్త ఎనియాస్ సలాతి వాన నీటిలోని ఆక్సిజన్ రకాలను పరీక్షించి, అమెజాన్ తన వానలో దాదాపు సగం తనే తయారు చేసుకుంటుందని చూపించాడు. అట్లాంటిక్ సముద్రం మీద నుంచి వచ్చిన తేమ వానై పడుతుంది, చెట్లు దాన్ని మళ్లీ పైకి పంపుతాయి, గాలి ఇంకాస్త పడమటికి తోస్తుంది, మళ్లీ వాన. ఆండీస్ కొండల్ని చేరేలోపు అదే నీరు ఐదారు సార్లు వానగా పడుతుంది. తూర్పున చెట్లు నరికితే పడమటన ఉన్న ఊరికి వాన ఎందుకు తగ్గుతుందో పిల్లల్నే చెప్పమనండి.

సీసా అడవి చాలా బళ్లలో చేస్తారు, కానీ చెడగొట్టుకునేది కూడా ఇక్కడే. వెడల్పు మూతి ఉన్న పెద్ద ప్లాస్టిక్ పచ్చడి డబ్బా, బయటి నుంచి లోపల కనిపించేది తీసుకోండి. అడుగున రెండు వేళ్ల మందం గులకరాళ్లు, పైన నలగ్గొట్టిన బొగ్గు, దాని మీద పాత దోమతెర ముక్క, ఆపైన నాలుగు వేళ్ల మందం మట్టీ ఆకుల ఎరువూ కలిపి. బావి గోడల నుంచి నాచు, చిన్న ఫెర్న్ మొక్క ఒకటి. ఒక టీ గ్లాసుడు నీళ్లు, అంతే. మూత బిగించండి. రెండు రోజుల్లో లోపలి గోడలకు ఆవిరి పట్టి, చుక్కలై జారుతుంది. డబ్బా అంతా మసకబారి లోపలేమీ కనిపించకపోతే నీళ్లు ఎక్కువైనట్టు, ఒక రోజు మూత తీసి ఉంచండి.

మొదటి ఏడాది నేను దాన్ని వరండాలో ఎండ తగిలేచోట పెట్టాను. మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టేసరికి ఫెర్న్ ఉడికిన గోంగూరలా అయింది. కిటికీ పక్కన నీడలోనే ఉంచండి. రెండో ఏడాది నీళ్లు ఎక్కువ పోసి బూజు తెచ్చుకున్నాం. పిల్లలు డబ్బా పారేద్దామన్నారు. నేను ఆపాను, ఎందుకంటే ఆ బూజే తర్వాతి పాఠం.

5. పచ్చని అడవి, పేద నేల

"అంత పెద్ద చెట్లున్నాయంటే నేల బ్రహ్మాండంగా ఉండాలి" అని తరగతిలో నూటికి తొంభై మంది అంటారు. పెద్దవాళ్లూ అంటారు. అమెజాన్ నేలల్లో చాలా భాగం నిస్సారం. వేల ఏళ్ల వానకు లవణాలు కొట్టుకుపోయాయి. ఉన్న సారమంతా చెట్లలోనే, ఆకుల్లోనే ఉంది. ఆకు రాలిందంటే ఆ వేడికీ తడికీ బూజులు, చెదలు, సూక్ష్మజీవులు పని పట్టేస్తాయి. పైపైనే పరుచుకున్న వేళ్లు ఆ సారాన్ని వెంటనే లాగేసుకుంటాయి. దీన్ని నేను ఇలా చెబుతాను: గాదెలో గింజ లేదు, ఇంట్లో పొయ్యి మాత్రం ఆరదు. ఏ రోజు కూలి ఆ రోజే వస్తోంది, ఆ రోజే ఖర్చవుతోంది. అలాంటి ఇంట్లో ఒక్క నెల కూలి ఆగితే ఏమవుతుంది? చెట్లు కొట్టేసిన చోట రెండు మూడు పంటలకే నేల చేతులెత్తేయడానికి కారణం అదే. సీసాలోని బూజును భూతద్దంతో చూపిస్తూ ఈ మాటలు చెప్పండి. విచ్ఛిన్నకారులు అన్న పదం అప్పుడు బోర్డు మీద రాయండి.

ప్రయోగం చిన్నది. రెండు లీటర్ల సీసాలు రెండు నిలువునా కోసి, ఒకదాంట్లో ఉత్త మట్టి, ఇంకోదాంట్లో అదే మట్టి మీద ఎండుటాకులు దట్టంగా పరిచి, కాస్త ఏటవాలుగా పెట్టి, రెండింట్లోనూ సమానంగా నీళ్లు పోయండి. మూతుల దగ్గర గ్లాసులు పెట్టి పట్టండి. ఒకటి గోదావరి వరద రంగు, ఇంకోటి పలుచటి టీ రంగు.

మరి కొట్టుకుపోయిన సారం ఎక్కడి నుంచి తిరిగొస్తోంది? ఇది పిల్లలకు కథలా చెప్పండి. ఆఫ్రికాలోని చాద్ దేశంలో బొడెలె అనే ఎండిపోయిన సరస్సు అడుగు ఉంది. అక్కడి దుమ్ము గాలికి లేచి అట్లాంటిక్ దాటి అమెజాన్ మీద పడుతుంది. ఉపగ్రహ సమాచారంతో నాసా శాస్త్రవేత్తలు 2015లో లెక్క కట్టారు: ఏటా 2 కోట్ల 77 లక్షల టన్నుల దుమ్ము, అందులో సుమారు 22 వేల టన్నుల భాస్వరం. వానలకూ వరదలకూ అమెజాన్ పోగొట్టుకునే భాస్వరం కూడా దాదాపు అంతే. సూపర్ ఫాస్ఫేట్ బస్తా ఖరీదు తెలిసిన పిల్లలకు ఈ కథ రుచి వేరు.

6. పురికొస ఆట

ఆహార జాలకాన్ని బోర్డు మీద బాణాలతో గీసే బదులు ఈ ఆట ఆడించండి. నేను మొదట నలభై మందినీ గుండ్రంగా నిలబెట్టి చేతులు కాల్చుకున్నాను. పురికొస చిక్కులు పడి, విడదీయడానికే పీరియడ్ అయిపోయింది. పది మంది చాలు. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని తనిఖీ అధికారులుగా ఉంటారు, "ఎందుకు?" అని అడగడమే వాళ్ల పని.

అమెజాన్‌లో బ్రెజిల్ నట్ చెట్టు చుట్టూ అల్లుకున్న కథ ఈ ఆటకు అతికినట్టు సరిపోతుంది. చెట్టు 50 మీటర్ల దాకా పెరుగుతుంది. దాని పువ్వు మీద గట్టి మూతలాంటి రేకు ఉంటుంది, దాన్ని ఎత్తి లోపలికి దూరగలిగేది బలమైన పెద్ద తేనెటీగలే. ఆ జాతుల్లో కొన్నింటి మగ ఈగలు ఆర్కిడ్ పూల నుంచి సువాసన పోగు చేసుకుంటాయి, ఆడ ఈగల్ని ఆకట్టుకోవడానికి. అంటే ఎక్కడో కొమ్మ మీది ఆర్కిడ్ లేకపోతే ఈ చెట్టు కాపుకే ముప్పు. కాయ కొబ్బరికాయంత ఉంటుంది, రెండు కిలోల దాకా తూగుతుంది, డొల్ల రాయిలాంటిది. దాన్ని పళ్లతో కొరికి తెరవగలిగిన జంతువు అగౌటి, కుందేలంత ఎలుక జాతి జీవి. కొన్ని గింజలు తిని, మిగతావి తర్వాతికి పాతిపెట్టి, కొన్నింటిని మర్చిపోతుంది. ఆ మతిమరుపే రేపటి చెట్టు. మార్కెట్లో దొరికే బ్రెజిల్ నట్లు చాలావరకు ఇప్పటికీ అడవిలో ఏరుకొచ్చినవే.

పాత్రలు పంచండి: చెట్టు, ఆడ తేనెటీగ, మగ తేనెటీగ, ఆర్కిడ్, ఆర్కిడ్ కూర్చున్న చెట్టు, అగౌటి, అగౌటిని తినే ఒసిలాట్ పిల్లి, బూజు, వాన, గింజలు ఏరుకునే మనిషి. పురికొస ఉండను ఒకరి నుంచి ఒకరికి విసరాలి, విసిరే ముందు సంబంధం ఏమిటో చెప్పాలి. చెప్పలేకపోతే ఉండ కదలదు. అల్లిక పూర్తయ్యాక ఆర్కిడ్ పాత్ర వేసిన పిల్లను తన పోగులు వదిలేయమనండి. ఎవరి చేతిలో పోగు వదులైందో వాళ్లు చెయ్యెత్తాలి. వాళ్లూ వదలాలి. మూడో వరసకల్లా గింజలు ఏరుకునే మనిషి చేతిలో పోగు నేల మీద పడుతుంది.

ఆట అయ్యాక ఒక నిజం కూడా చెప్పండి: అడవిలో ఒక్కటి పోగానే అన్నీ కూలవు. ఒక ఈగ తగ్గితే ఇంకో ఈగ కొంత పని చేస్తుంది. ఆటలో అల్లిక పలుచన, అడవిలో చిక్కన. ఈ మాట చెప్పకపోతే పిల్లలు భయపడడం నేర్చుకుంటారు కానీ ఆలోచించడం నేర్చుకోరు.

7. నరికేస్తున్నదెవరు?

కంప్యూటర్ గది ఉంటే గూగుల్ ఎర్త్‌లో టైమ్‌ల్యాప్స్ తెరిచి, బ్రెజిల్‌లోని రొండోనియా రాష్ట్రానికి వెళ్లండి. 1984 నుంచి బొమ్మలు వరసగా నడుస్తాయి. ఒక రోడ్డు పడుతుంది, దానికి అటూ ఇటూ చిన్న దారులు చీలుతాయి, అడవి చేపముల్లులా కనిపిస్తుంది. కొన్నేళ్లకు ముళ్ల మధ్య కండ కూడా పోతుంది. అలాగే షింగు అనే చోటు చూపించండి. 1961లో ఆదివాసుల కోసం ప్రకటించిన ప్రాంతం అది. చుట్టూ పొలాలు, పచ్చిక బీళ్లు, మధ్యలో పచ్చని ద్వీపం. కంప్యూటర్ లేకపోతే రెండు బొమ్మలు ప్రింట్ తీసుకెళ్లినా పని అవుతుంది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మన తరగతిలో పోడు మాట తప్పకుండా వస్తుంది. ఆదివాసీ పిల్లలు అక్కడే కూర్చుని ఉండొచ్చు. "అడవిలో ఉండేవాళ్లే అడవిని నరుకుతారు" అన్న మాట నోరు జారకుండా చూసుకోండి. అమెజాన్‌లో ఎక్కువ అడవి పోయింది పశువుల మేత బీళ్ల కోసం. 1988 డిసెంబరు 22న చికో మెండెస్‌ను షాపురి అనే ఊళ్లో కాల్చి చంపారు. ఆయన రబ్బరు పాలు తీసే కూలీ, అడవిని బీళ్లుగా మార్చొద్దని సంఘం కట్టినవాడు. మొదటి రోజు పటం మీద పెట్టిన రబ్బరు బ్యాండును మళ్లీ చేతిలోకి తీసుకుని ఈ సంగతి చెప్పండి.

"అమెజాన్ భూమికి ఊపిరితిత్తులు, 20 శాతం ఆక్సిజన్ అక్కడి నుంచే" అనే వాట్సాప్ మాటను ఇక్కడే పక్కన పెట్టించండి. అడవి పగలు తయారు చేసిన ఆక్సిజన్‌ను దాదాపుగా తనే వాడేసుకుంటుంది, చెట్ల శ్వాసకు కొంత, రాలిన ఆకుల్ని కుళ్లబెట్టే జీవులకు కొంత. మనం పీల్చేది కోట్ల ఏళ్లుగా గాలిలో పోగైనది. అడవి విలువ అది దాచుకున్న కార్బన్‌లో, పంపే వానలో, మోసే జీవుల్లో ఉంది.

టైమ్ ఉంటే సైలెంట్ వ్యాలీ మీద వాదన పెట్టండి. కేరళ పాలక్కాడ్ జిల్లాలో కుంతిపుళ నది మీద జలవిద్యుత్ ప్రాజెక్టు తలపెట్టినప్పుడు 1970ల చివర్లో పెద్ద చర్చ నడిచింది. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు అనే ప్రజా విజ్ఞాన సంస్థ ఊరూరా తిరిగింది, సుగతకుమారి లాంటి కవులు గొంతు కలిపారు, సింహపు తోక కోతి ఆ ఉద్యమానికి ముఖచిత్రమైంది. 1984లో దాన్ని జాతీయ పార్కుగా ప్రకటించారు. కరెంటు కావాలన్న పక్షానికి మీ తరగతిలో బాగా మాట్లాడే పిల్లల్ని పెట్టండి, లేకపోతే వాదన ఏకపక్షమైపోతుంది. మధ్యలో ఎవరో పోలవరం ఎత్తుతారు. ఎత్తనివ్వండి.

8. పరీక్ష పేపరు

"వర్షారణ్యంలోని పొరలను వివరించుము" అని అడిగితే మళ్లీ నాలుగు రంగులే వస్తాయి. నేను ఇప్పుడు ఇచ్చేది ఇలాంటివి: తాటిచెట్టు మీద మర్రి మొలవడానికీ, నేల మీద మొలవడానికీ లాభనష్టాలు రాయండి. అగౌటికి జ్ఞాపకశక్తి బాగా పెరిగిపోతే బ్రెజిల్ నట్ చెట్టుకు మంచిదా చెడ్డదా? కోకో రైతు ఒకాయన తోటంతా అద్దంలా ఊడ్చి రాలిన ఆకులన్నీ తగలబెట్టాడు, తర్వాత కాపు తగ్గింది, కారణం ఏమై ఉండొచ్చు?

చివరిదానికి ఒక సూచన ఇవ్వొచ్చు: కోకో పూలలో వందకు నాలుగైదుకు మించి కాయలవవు, వాటికి పరాగ సంపర్కం చేసేవి దోమకన్నా చిన్న ఈగలు, అవి గుడ్లు పెట్టేది కుళ్లుతున్న ఆకుల్లో, కోకో డొప్పల్లో. పోయిన ఏడాది తొమ్మిదో తరగతి కుర్రాడొకడు ఈ ప్రశ్నకు పేజీన్నర రాసి, కింద ఇంకో వాక్యం చేర్చాడు: "టీచర్, ఈ మాట మా తాతకు చెప్పాను. తోట శుభ్రంగా లేకపోతే పాములొస్తాయి, నువ్వొచ్చి కాపలా ఉంటావా అన్నాడు." ఐదుకు ఐదు వేశాను. తాత ప్రశ్నకు జవాబు మాత్రం నా దగ్గర కూడా లేదు.